ఉప్పు ఎక్కడ నిలవాలి? చౌడు నేలలో వరి, జన్యు మార్పుల సంగతి

కృష్ణా డెల్టాలో కాలువ చివరి భూముల్లో, ముఖ్యంగా దివిసీమలో సముద్రానికి దగ్గరగా ఉన్న పొలాల్లో, ఎండాకాలం ముదిరేసరికి గట్ల మీద, ఎండిన మడుల్లో సున్నం చల్లినట్టు తెల్లటి పొర తేలుతుంది. గోటితో గీకి నాలుకకు తగిలిస్తే ఉప్పగా ఉంటుంది. తొలకరి వానలకు ఆ ఉప్పు కొంత కరిగి లోపలికి దిగుతుంది, కాలువ నీరు సకాలంలో వస్తే మరికొంత పలచబడుతుంది. నీరు ఆలస్యమైన ఏడు మాత్రం నాట్లు వేసిన రెండు మూడు వారాలకే వరి ఆకుల కొసలు తెల్లబారి, చుట్టుకుని, ఎండడం మొదలవుతుంది. ముందు ముదురు ఆకులు పోతాయి, లేత ఆకులు చివరిదాకా పచ్చగా నిలబడడానికి ప్రయత్నిస్తాయి. ఈ వరుస యాదృచ్ఛికం కాదు. ఉప్పుతో మొక్క చేసే పోరాటమంతా ఆ వరుసలోనే కనిపిస్తుంది. ఉప్పును తట్టుకునే వరిని ప్రయోగశాలలో తయారు చేయడం ముప్పై ఏళ్లుగా ఎందుకు ఇంత కష్టమవుతోందో అర్థం చేసుకోవాలన్నా అక్కడి నుంచే మొదలుపెట్టాలి.

ముందుగా కొలత సంగతి చూద్దాం. నేలలో ఉప్పు ఎంత ఉందో, ఆ నేల నుంచి తీసిన నీటి విద్యుత్ వాహకతను బట్టి లెక్కిస్తారు. దాని ప్రమాణం మీటరుకు డెసీసైమన్. ఈ అంకె 4 దాటితే ఆ నేలను ఉప్పు చౌడుగా పరిగణిస్తారు. సముద్రపు నీటి వాహకత సుమారు 50 ఉంటుంది. వరి దిగుబడి 3 దగ్గరే తగ్గడం మొదలై, ఆపైన పెరిగే ప్రతి ఒక్క యూనిట్‌కు దాదాపు 12 శాతం చొప్పున పడిపోతుందని వ్యవసాయ శాస్త్రంలో చాలాకాలంగా వాడుకలో ఉన్న అంచనా. అంటే వాహకత 6కు చేరిన పొలంలో మూడో వంతుకు పైగా పంట పోయినట్టే. బార్లీ, పత్తి 8కి దగ్గరగా వెళ్లేదాకా పెద్దగా చలించవు. మన ప్రధాన ఆహార పంట, అందులోనూ డెల్టా రైతుకు వేరే దారి లేని పంట, ధాన్యాలన్నింటిలో ఉప్పుకు బాగా లొంగిపోయే వాటిలో ఒకటి కావడమే అసలు కష్టం. దేశంలో ఉప్పు, క్షార ప్రభావానికి గురైన భూమి సుమారు 67 లక్షల హెక్టార్లని అంచనా. ఆంధ్రప్రదేశ్ వాటా అందులో 2.74 లక్షల హెక్టార్లు. తీరం వెంట ఉన్న పాలచౌడు, అంటే ఉప్పు చౌడు కంటే లోపలి ప్రాంతాల కారుచౌడు ఇందులో ఎక్కువ. కారుచౌడు సమస్య కరిగే ఉప్పు కంటే మట్టికి అంటుకుపోయిన సోడియానిది, అధిక క్షారత్వానిది కాబట్టి దానికి మందు కూడా వేరు. ఈ వ్యాసం ప్రధానంగా పాలచౌడు గురించే.

ఉప్పు మొక్కను రెండు విధాలుగా దెబ్బతీస్తుంది. మొదటిది దాహం. నేలలోని నీటిలో ఉప్పు ఎక్కువైనకొద్దీ ఆ నీటిని వేరు లాక్కోవడం కష్టమవుతుంది, మడి నిండా నీళ్లున్నా మొక్క బెట్టకు గురైనట్టే ప్రవర్తించి ఎదుగుదలను తగ్గించుకుంటుంది. ఈ దెబ్బ ఉప్పు తగిలిన గంటల్లోనే మొదలవుతుంది. రెండోది విషం. ఇది రోజులు, వారాల మీద జరుగుతుంది. వేరు పీల్చిన నీరు ఆకుల్లోంచి ఆవిరైపోతుంది, సోడియం మాత్రం ఆకులోనే మిగిలిపోతుంది. ఎక్కువ రోజులుగా నీటిని ఆవిరి చేస్తున్న ముదురు ఆకుల్లో అది ఎక్కువగా పేరుకుంటుంది కనుక ముందు ఎండేవి అవే. జీవకణంలో యాభైకి పైగా ఎంజైములు పొటాషియం సాయంతో పనిచేస్తాయి. సోడియం అయాను పొటాషియాన్ని పోలి ఉండి దాని స్థానంలోకి చొరబడుతుంది గానీ దాని పని చేయలేదు. కాబట్టి మొక్క ముందున్న సమస్య సోడియాన్ని పూర్తిగా లేకుండా చేసుకోవడం కాదు, అది హాని చేయలేని చోట దాన్ని నిలిపి ఉంచడం. నా దృష్టిలో ఉప్పు సహనం గురించిన చర్చ మొత్తానికి ఇదే ఇరుసు. ఉప్పు ఎంత ఉందన్న ప్రశ్న కంటే ఏ కణంలో, కణంలో ఏ అరలో, పంట ఏ దశలో ఉందన్న ప్రశ్నే పెద్దది.

ఈ పనికి మొక్క దగ్గర మూడు ప్రధానమైన ఏర్పాట్లు ఉన్నాయి. వేరు పైపొర కణాల నుంచి సోడియాన్ని తిరిగి మట్టిలోకి నెట్టే పంపు ఒకటి; అరాబిడాప్సిస్ అనే చిన్న మొక్క మీద జియాన్ కాంగ్ ఝూ బృందం చేసిన పరిశోధనల్లో బయటపడిన ఎస్ఓఎస్ జన్యువుల కుటుంబం దీన్ని నడుపుతుంది. వేళ్ల నుంచి ఆకులకు నీరు ఎక్కే దారువు నాళాల పక్కనే కాపలా ఉండి, పైకి వెళుతున్న సోడియాన్ని మధ్యలోనే వెనక్కి లాగే ప్రోటీన్లు రెండో ఏర్పాటు. వీటిని హెచ్‌కేటీ కుటుంబం అంటారు. ఇక మూడోది, ఆకులోకి ఎలాగూ చేరిపోయిన సోడియాన్ని కణం మధ్యలోని రిక్తిక అనే తిత్తిలోకి తోసి మూత వేయడం. ఇది ఎన్‌హెచ్‌ఎక్స్ అనే ప్రోటీన్ల పని. ఇవి ఒక్కటొక్కటిగా వింటే సులువుగానే అనిపిస్తాయి. అయితే మూడింటికీ శక్తి కావాలి, మూడూ ఒకదానికొకటి సమన్వయంతో నడవాలి. పైగా తిత్తిలో సోడియం పెరిగినకొద్దీ కణద్రవ్యంలో దానికి సమతూకంగా ప్రోలిన్ వంటి హానిలేని పదార్థాలను మొక్క తయారు చేసుకోవాలి. అదంతా గింజలోకి వెళ్లాల్సిన పిండి పదార్థంలోంచే ఖర్చవుతుంది.

బీటీ పత్తితో పోల్చి చూస్తే తేడా తేటతెల్లమవుతుంది. అక్కడ ఒక బ్యాక్టీరియా జన్యువు, అది తయారుచేసే ఒక ప్రోటీన్, దానికి చచ్చే పురుగు, అంతే. ఉప్పు విషయంలో ఒక జన్యువును ఎక్కిస్తే ఒక సమస్య తీరుతుందన్న ఆశ మొదట్లో శాస్త్రవేత్తలకు కూడా ఉండేది. 1999లో ఎడ్వర్డో బ్లూమ్‌వాల్డ్ బృందం అరాబిడాప్సిస్‌లో ఎన్‌హెచ్‌ఎక్స్ జన్యువును అధికంగా పనిచేయించి ఉప్పు సహనాన్ని పెంచింది, 2001లో అదే జన్యువుతో టమాటాను తయారు చేసింది. లీటరుకు దాదాపు 12 గ్రాముల ఉప్పు ఉన్న నీటిలో, అంటే సముద్రపు నీటి గాఢతలో మూడో వంతులో, ఆ మొక్కలు పెరిగి పూసి కాయలు కాశాయి. సోడియం ఆకుల్లోనే నిలిచిపోయి కాయల్లోకి పెద్దగా రాలేదు. ప్రపంచమంతా ఆ ఫలితాన్ని సంబరంగా చెప్పుకుంది. అయినా పాతికేళ్లు గడిచాక కూడా ఆ టమాటా ఏ సంతలోనూ కనిపించడం లేదు.

ఎందుకు? సమాధానంలో పెద్ద భాగం ఆస్ట్రేలియాలోని అడిలైడ్ పరిశోధకులు 2009లో ప్రచురించిన ఒక ప్రయోగంలో ఉంది. వాళ్లు హెచ్‌కేటీ కుటుంబానికి చెందిన ఒకే జన్యువును తీసుకుని రెండు రకాలుగా పరీక్షించారు. మొక్క ఒంటినిండా అన్ని కణాల్లో అది ఎక్కువగా పనిచేసేలా చేసినప్పుడు ఆ మొక్క మామూలు మొక్క కంటే ఉప్పుకు ఎక్కువగా లొంగిపోయింది. అదే జన్యువు వేరు మధ్యలో, దారువు నాళాల చుట్టూ ఉన్న కణాల్లో మాత్రమే ఎక్కువగా పనిచేసేలా చేసినప్పుడు ఆకుల్లోకి చేరే సోడియం 37 నుంచి 64 శాతం దాకా తగ్గి, మొక్క ఉప్పును తట్టుకుంది. ఉప్పు సహనం మీద జరిగిన వందలాది ప్రయోగాల్లో విద్యార్థులకు ఒక్కదాన్నే చెప్పమంటే నేను దీన్నే చెబుతాను. కావలికారును గుమ్మం దగ్గర నిలబెడితే ఇల్లు భద్రంగా ఉంటుంది, అదే మనిషి చేత ఇంట్లోని తలుపులన్నీ తెరిపిస్తే దొంగలకు దారి ఇచ్చినట్టవుతుంది.

ఎక్కడ అన్న ప్రశ్నతో పాటే ఎప్పుడు అన్న ప్రశ్న కూడా ఉంది. బెట్ట, ఉప్పు, చలి వంటి ఒత్తిళ్లు తగిలినప్పుడు మొక్కలో పదుల కొద్దీ రక్షణ జన్యువులను ఒకేసారి మేల్కొలిపే డ్రెబ్ అనే నియంత్రక ప్రోటీన్లు ఉన్నాయని జపాన్ పరిశోధకులు గుర్తించారు. ఆ జన్యువును ఎల్లవేళలా పనిచేయించిన మొక్కలు ఒత్తిడిని తట్టుకున్నాయి గానీ గిడసబారిపోయాయి. నిత్యం యుద్ధానికి సిద్ధంగా ఉండే మొక్కకు ఎదగడానికి శక్తి మిగలదు. అప్పుడు వాళ్లు ఒత్తిడి తగిలినప్పుడే తెరుచుకునే ఒక స్విచ్‌ను, అంటే ప్రమోటర్‌ను, ఆ జన్యువుకు జోడించారు, గిడసబారడం చాలావరకు తగ్గింది. హైదరాబాద్ పక్కనే పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు ఇదే స్విచ్, ఇదే జన్యువుల జోడీని వేరుశనగలోకి ఎక్కించి, నీటిని పొదుపుగా వాడుకునే మొక్కలను 2007 నాటికే చూపించారు. అది బెట్ట కోసం చేసిన పని అయినా, ఉప్పు తెచ్చే దాహం బెట్టకు అన్నదమ్ముల వంటిదే కనుక ఇక్కడ చెప్పుకోవలసిందే.

మడ చెట్టు నుంచి జన్యువులు తెచ్చే ప్రయత్నం కూడా మన దేశంలోనే జరిగింది. కోరింగ మడ అడవుల్లో పడవ మీద వెళ్లేవాళ్లు తెంపి చూస్తే మడ ఆకు అడుగున సన్నటి ఉప్పు పలుకులు మెరుస్తూ కనిపిస్తాయి. ఆ చెట్టు ఉప్పులో అధిక భాగాన్ని వేళ్ల దగ్గరే వడకట్టి, లోపలికి వచ్చిన కొద్దిపాటిని ఆకు మీది గ్రంథుల ద్వారా బయటికి కక్కేస్తుంది. చెన్నైలోని ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థలో అజయ్ పరిడా నాయకత్వంలోని బృందం మడ చెట్టు నుంచి పలు జన్యువులను వేరు చేసింది. వాటిలో, ఒత్తిడిలో పుట్టే హానికరమైన ఆక్సిజన్ రూపాలను విరిచేసే ఒక ఎంజైము జన్యువును పూసా బాస్మతి 1 వరిలోకి ఎక్కించి 2008లో ఫలితాలు ప్రచురించింది. లీటరుకు సుమారు 9 గ్రాముల ఉప్పున్న నీటిలో ఆ మొక్కలు 8 రోజులు నిలబడ్డాయి, మామూలు మొక్కలు వాడిపోయాయి. పని గట్టిదే, కానీ ఆ 8 రోజులు అన్న మాటను రైతు చెవితో వినాలి. పొలంలో వరి నాలుగు నెలలు ఉంటుంది. నీటి తొట్టెలో ఉప్పు గాఢత స్థిరంగా ఉంటుంది, మడిలో అది ప్రతి వానకూ తగ్గుతుంది, ప్రతి ఎండకూ పెరుగుతుంది, ఒకే ఎకరంలో ఒక మూల 3 ఉంటే మరో మూల 9 ఉండవచ్చు. పైగా ఆ చెట్టుకున్న వడపోతను, గ్రంథులను ఒక్క జన్యువుతో వరికి అరువివ్వలేం. మడ చెట్టు మొత్తం దేహమే ఉప్పు కోసం మలచుకున్నది. ఉప్పు సహనం కోసమే జన్యుమార్పిడి చేసి, రైతుల పొలాల్లో విస్తారంగా సాగవుతున్న వరి నేటికీ లేదు.

అలాగని జన్యు విజ్ఞానం ఉప్పు నేలల్లో ఏమీ సాధించలేదని కాదు. సాధించిన వాటిలో బాగా నిలిచినవి జన్యుమార్పిడి చేయనివి. కేరళలో ఎర్నాకుళం, ఆలప్పుళ, త్రిశూర్ జిల్లాల తీరపు మడుగుల్లో, వానాకాలం వరి వేసి ఆ తర్వాత అదే నీటిలో రొయ్యలు పెంచే చోట, తరతరాలుగా సాగులో ఉన్న పొక్కాలి వరిలో ఉప్పు సహనానికి తోడ్పడే ఒక భాగం ఒకటో క్రోమోజోమ్ మీద ఉందని గుర్తించి దానికి సాల్టాల్ అని పేరు పెట్టారు. మన దేశపు మరో పాత వరి నోనా బొక్రాలో కూడా ఆ ప్రాంతంలోనే ఉన్న హెచ్‌కేటీ జన్యువును చైనా శాస్త్రవేత్తలు 2005లో విడదీశారు. దారువు పక్కన కాపలా ఉండే ప్రోటీన్ అదే. అంటే అడిలైడ్ ప్రయోగశాలలో రుజువైన సూత్రాన్ని మన తీర ప్రాంతపు రైతులు తమకు తెలియకుండానే ఎప్పుడో ఎంచుకుని విత్తనంగా దాచారు. సాల్టాల్ భాగాన్ని మామూలు సంకరణంతోనే, డీఎన్ఏ గుర్తుల సాయంతో వెతికి పట్టుకుంటూ, పూసా బాస్మతి 1121 వంటి రకాల్లోకి తెచ్చారు. గోధుమలో 2012లో ఆస్ట్రేలియా పరిశోధకులు పాత గోధుమ జాతి ఒకదాని నుంచి ఇలాంటి జన్యువునే డ్యూరమ్ గోధుమలోకి సంకరణం ద్వారా తెచ్చి, ఉప్పు పొలంలో 25 శాతం దాకా అదనపు గింజ తీశారు. కృష్ణా జిల్లా మచిలీపట్నం పరిశోధన స్థానం ఇచ్చిన ఎంసీఎం రకాలు, హర్యానాలోని కర్నాల్ కేంద్రం ఇచ్చిన సీఎస్ఆర్ రకాలు కూడా సంకరణం, ఎంపికల ఫలితాలే.

అయితే సాల్టాల్ మేలు ప్రధానంగా నారు దశది. వరి ఉప్పుకు లొంగే దశలు రెండు: ఒకటి లేత నారు, రెండోది పొట్ట దశ నుంచి పూత దాకా. మధ్యలో పిలకలు వేసే దశలో అది కాస్త గట్టిగానే ఉంటుంది. పూత వేళ సోడియం కంకిలోకి చేరితే పుప్పొడి చచ్చుబడి, పైరు చూడడానికి పచ్చగానే ఉన్నా కోతకొచ్చేసరికి తాలు గింజలే మిగులుతాయి. నారులో పరీక్షించి గట్టిదని తేల్చిన రకం పూతలో కూడా గట్టిగా ఉంటుందన్న హామీ లేదు. ఈ రెండు దశల సహనానికీ కారణమయ్యే జన్యువులు చాలావరకు వేరు. ఉప్పును తట్టుకుంటుందని ఎవరు ఏ రకాన్ని ప్రకటించినా, ఏ దశలో అని అడగవలసింది ఇందుకే.

ఆ ప్రశ్నను ఇప్పుడు అడగవలసిన రకం ఒకటి మన ఇంటిదే. 2025 మే 4న కేంద్ర వ్యవసాయ మంత్రి ఢిల్లీలో జన్యు సవరణతో రూపొందిన రెండు వరి రకాలను ప్రకటించారు. ఒకటి హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని భారత వరి పరిశోధన సంస్థ, బాపట్లలో పుట్టిన సాంబా మసూరిని సవరించి తయారు చేసిన డీఆర్ఆర్ ధాన్ 100, అంటే కమల. రెండోది ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ రూపొందించిన పూసా డీఎస్టీ రైస్ 1. దీనికి మూలం పశ్చిమ గోదావరి జిల్లా మార్టేరులో పుట్టిన ఎంటీయూ 1010, మన రైతులు కాటన్‌దొర సన్నాలు అని పిలుచుకునే రకం. ఇక్కడ బయటి నుంచి కొత్త జన్యువును ఎక్కించి వదిలేయలేదు. వరిలో సహజంగా ఉన్న డీఎస్టీ అనే జన్యువులో ఒక ముక్కను క్రిస్పర్ అనే కత్తెరతో తొలగించారు. డీఎస్టీ పత్రరంధ్రాలు తెరిచి ఉండేలా చూసే నియంత్రకమని చైనా శాస్త్రవేత్తలు 2009లో చూపించారు. అది పనిచేయకపోతే పత్రరంధ్రాలు మూసుకోవడానికి మొగ్గుతాయి, వాటి సంఖ్య కూడా తగ్గుతుంది, ఆకు నుంచి నీరు తక్కువ ఆవిరవుతుంది. నీరు తక్కువ ఎక్కితే దాంతో పాటు ఎక్కే సోడియం కూడా తక్కువే కదా, ఉప్పు సహనం అలా వస్తుంది. కమలలో సవరించిన జన్యువును మామూలు మొక్కలో ప్రేరేపించేది ఈ డీఎస్టీయే అన్నది ఆసక్తి కలిగించే సంగతి. వేర్వేరు లక్ష్యాలతో తయారైన రెండు రకాలూ ఒకే గొలుసులోని రెండు కొక్కేలను ముట్టుకున్నాయి.

కొత్త జన్యువును చేర్చిన మొక్కకు, ఉన్న జన్యువును సవరించిన మొక్కకు మధ్య చట్టం కూడా తేడా చూపుతోంది. 2022 మార్చి 30న కేంద్ర పర్యావరణ శాఖ ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం, చివరి మొక్కలో బయటి డీఎన్ఏ ఏదీ మిగలని సవరణలకు 1989 నాటి జన్యుమార్పిడి నిబంధనల్లోని కీలకమైన దశల నుంచి మినహాయింపు ఉంది. బీటీ వంకాయను 2010లో నిలిపివేసిన ప్రక్రియ దీనికి వర్తించదు. సవరణ సంకరణానికి దగ్గరి బంధువే కాబట్టి ఈ తేడా సబబేనని నేను అనుకుంటాను. అయితే అనుమతుల మెట్లు తగ్గినప్పుడు పొలం పరీక్షల అంకెలను బహిరంగంగా పెట్టవలసిన బాధ్యత పెరుగుతుంది. పూసా డీఎస్టీ రైస్ 1 ఉప్పు, క్షార నేలల్లో మూల రకం కంటే 9.66 నుంచి 30.4 శాతం దాకా ఎక్కువ దిగుబడి ఇస్తుందని ప్రభుత్వం చెప్పింది. వాటిలో పెద్ద అంకె తీరప్రాంత ఉప్పు నేలలది. అఖిల భారత పరీక్షల నివేదికలే ఈ మాటలను బలపరచడం లేదని జన్యుమార్పిడి పంటలను వ్యతిరేకించే సంఘాలు ఆ ఏడాదిలోనే ఆరోపించాయి, భారత వ్యవసాయ పరిశోధన మండలి ఆ ఆరోపణలను తోసిపుచ్చింది. వాదం ఎవరిదైనా, ఒక విషయం మాత్రం ముందే ప్రచురితమైంది. ఈ సవరణ గురించి 2020లో వచ్చిన శాస్త్రీయ పత్రం బలమైన ఉప్పు సహనాన్ని నమోదు చేసింది నారు దశలోనే.

పత్రరంధ్రాలు మూసుకోవడానికీ ఒక మూల్యం ఉంది. నీరు బయటికి పోయే దారీ, బొగ్గుపులుసు వాయువు లోపలికి వచ్చే దారీ ఒకటే. చెమట పట్టని ఒంటికి వేడి ఎక్కినట్టే నీరు ఆవిరి కాని ఆకు వేడెక్కుతుంది. ఎండలు ముదిరే వేళ పూతకొచ్చే దాళ్వా పైరుకు ఇది పట్టించుకోవలసిన సంగతి. ఉప్పు లేని మంచి నేలలో, నిండుగా నీరున్న మడిలో, ఈ రకం కాటన్‌దొర సన్నాలతో సమానంగా నిలుస్తుందా లేదా అన్నది ఉప్పు నేలలో అంకె ఎంత ముఖ్యమో అంతే ముఖ్యం, ఎందుకంటే ఒకే రైతుకు రెండు రకాల మడులూ ఉంటాయి.

ఇంకొక మాట చెప్పకపోతే ఈ విషయానికి న్యాయం జరగదు. ఉప్పును తట్టుకునే మొక్క నేలలోని ఉప్పును తీసేయదు. అది ఉప్పు మధ్య బతుకుతుంది, అంతే. ఉప్పు బయటికి పోవాలంటే మంచినీరు పైనుంచి దిగి, కింద మురుగు కాలువ ద్వారా వెళ్లిపోవాలి. డెల్టా శివార్లలో కాలువ నీరు అందక, మురుగు కాలువలు పూడిపోయి, పక్కన రొయ్యల చెరువుల ఉప్పునీరు గట్లలోంచి ఊరుతున్న చోట, ఎంత గొప్ప జన్యువున్న విత్తనమైనా కొన్నేళ్లకే తన హద్దును చేరుకుంటుంది. కారుచౌడులో జిప్సం వేసి, నీరు కట్టి, జీలుగ చల్లి కలియదున్నడం ఇప్పటికీ మొదటి మందు. విత్తనం దానికి తోడు నిలిచేది.

కాబట్టి పూసా డీఎస్టీ రైస్ 1ని గానీ, రేపు రాబోయే మరో రకాన్ని గానీ తీరంలో పరీక్షించవలసింది ఇలా: నాగాయలంక, కోడూరు వంటి కాలువ చివరి మండలాల రైతుల మడుల్లోనే, కాటన్‌దొర సన్నాలనూ ఒక ఎంసీఎం రకాన్నీ పక్కపక్కన వేసి, కనీసం మూడు పంటకాలాలు, నాటిన రోజు నుంచి కోత దాకా వారం వారం ప్రతి మడిలో వాహకత కొలిచి రాసుకుంటూ, పూత రోజున అది ఎంత ఉందో విడిగా నమోదు చేసి, చివరికి కంకికి ఎన్ని గింజలో కాదు, అందులో ఎన్ని నిండు గింజలో, ఎన్ని తాలో లెక్కపెట్టి, ఆ పట్టిక మొత్తాన్ని రైతులకు తెలుగులో ఇవ్వాలి.